మిత్రబృందానికి వలయ వ్యాయామం: ప్రణాళిక, వైవిధ్యం

ఆరోగ్యమే మహాభాగ్యమని మన పెద్దలు చెప్పినారు. ఆ భాగ్యాన్ని సంపాదించుకొనే మార్గాలలో వ్యాయామం ప్రధానమైనదని వేరుగా చెప్పనక్కరలేదు. పరీక్షలు ముగియగానే, లేదా కొత్త సంవత్సరం రాగానే, రేపటి నుండి తప్పక వ్యాయామం చేయవలెనని నిశ్చయించుకొనే విద్యార్థులు మన కళాశాలలో ఎందరో ఉన్నారు. మొదలుపెట్టేవారు అనేకులు, నెల తరువాత కూడా కొనసాగించేవారు స్వల్పం. ఒంటరిగా చేసేవానికి విసుగు శత్రువు. గుంపుగా చేసేవారికి పోలిక శత్రువు. ఈ ఇద్దరు శత్రువులనూ జయించగల ఒక పద్ధతిని గురించి, దానిని మిత్రులతో కలిసి ఏ విధంగా రూపొందించుకోవచ్చునో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను తెలుగు భాషా సాహిత్యాలు బోధించేవాడను. వ్యాయామ శాస్త్రంలో పట్టా పొందినవాడను కాను. అయితే ఈ విషయంలో ఒకసారి తప్పు చేసి నేర్చుకొన్నవాడను. ఆ అనుభవమే ఈ రచనకు ప్రేరణ.

వలయ వ్యాయామం అంటే ఏమి?

సర్క్యూట్ అనే ఆంగ్ల పదానికి వలయమని అర్థం. కొన్ని కసరత్తులను మైదానంలో వేర్వేరు చోట్ల గుండ్రంగా అమర్చి, ఒక్కొక్కరు ఒక్కొక్క చోట ప్రారంభించి, నియమిత కాలం చేసి, ఈల వినగానే పక్క చోటికి జరుగుతూ వలయాన్ని పూర్తి చేయడమే సర్క్యూట్ ట్రైనింగ్. దీనిని ఈ వ్యాసంలో వలయ వ్యాయామమని, అందులోని ఒక్కొక్క చోటును మజిలీ అని వ్యవహరిస్తాను.

మజిలీ అనే మాట అరబ్బీ 'మంజిల్' నుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చి, కాశీమజిలీ కథల పేరులో శాశ్వతంగా నిలిచిపోయింది. కసరత్తు, కవాతు, తాలీము అనే మాటలు కూడా ఆ దారినే తెలుగులో ప్రవేశించి మన సొంతమైనాయి. రెండు భాషలు ఒకే కప్పు కింద చదువుకొనే మన కళాశాలలో ఈ మాటలను ఎవరికీ విడమరచి చెప్పవలసిన పని లేదు.

ఈ పద్ధతికి శాస్త్రీయ రూపం ఇచ్చినవారు ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మోర్గాన్, ఆడమ్సన్ అనే ఇద్దరు. 1953లో వారు తమ విద్యార్థుల కోసం దీనిని రూపొందించినారు. తొమ్మిది నుండి పన్నెండు వరకు సులభమైన కసరత్తులు ఒక వలయంగా ఉండేవి. ప్రతి విద్యార్థి ఒక్కొక్క కసరత్తును తాను గరిష్ఠంగా ఎన్నిసార్లు చేయగలడో ముందుగా పరీక్షించుకొనేవాడు. అందులో సగం అతని మోతాదు. ఆ మోతాదుతో మూడు వలయాలు చేయడానికి ఎంత కాలం పట్టినదో గమనించి, క్రమంగా ఆ కాలాన్ని తగ్గించుకొనేవాడు. ఇందులో గ్రహించవలసిన ముఖ్యాంశం ఒకటి కలదు. అందరిదీ ఒకే వలయం, కాని ఎవరి మోతాదు వారిది. ప్రతివాడూ పోటీపడేది తన నిన్నటి శక్తితోనే గాని పక్కవానితో కాదు. అనేకులు వలయాన్ని మాత్రమే అనుకరించి, ఈ మూలసూత్రాన్ని విస్మరిస్తున్నారు. నేను చేసిన తప్పు కూడా అదే.

ఒక వైఫల్యం

నేను ఎం.ఏ. చదివే రోజులలో వసతిగృహంలో ఎనిమిదిమంది మిత్రులం కలిసి ప్రతి సాయంకాలం వ్యాయామం చేయవలెనని నిర్ణయించుకొన్నాము. ప్రణాళిక తయారుచేసే బాధ్యత నాకు అప్పగించినారు. నేను ఎంతో శ్రద్ధగా ఒక కాగితం మీద రాసినాను: 20 దండీలు, 30 బస్కీలు, 100 సార్లు తాడాట, ఈ విధంగా ఆరు మజిలీలు. అందరూ తమ లెక్క పూర్తి చేసిన తరువాతనే బృందం ముందుకు జరగవలెను. అది సమానత్వమని నేను భావించినాను.

మాలో ఒక మిత్రుడు కొంచెం స్థూలకాయుడు. మంచి చదువరి, హాస్యప్రియుడు. ప్రతి మజిలీలోనూ అతడే చివరివాడు. ముందు ముగించినవారు అతని చుట్టూ నిలబడి, చప్పట్లు కొడుతూ, పన్నెండు, పదమూడు అని లెక్కపెట్టేవారు. మేము దానిని ప్రోత్సాహం అనుకొన్నాము. నాల్గవ రోజు అతడు గ్రంథాలయంలో పని ఉన్నదని చెప్పి రాలేదు. అయిదవ రోజూ రాలేదు. ఆ తరువాత ఎన్నడూ రాలేదు. బలవంతులు కూడా ఎక్కువ కాలం నిలువలేదు. ఊరక నిలబడి ఎదురుచూడడం వారికి విసుగు పుట్టించింది. మూడు వారాలలో మైదానంలో నేను ఒక్కడనే మిగిలినాను.

చాలా సంవత్సరాల తరువాత ఒక వివాహ విందులో ఆ మిత్రుని పక్కన కూర్చున్నాను. అప్పటికే అతడు మధుమేహానికి మందులు వాడుతున్నాడు. పాత సంగతులు వచ్చినప్పుడు అతడు నవ్వుతూనే అన్నాడు: "మీరు అందరూ లెక్కపెట్టినారు, భాయ్. అందుకే రాలేకపోయాను." ఆ మాటకు నేను సమాధానం చెప్పలేకపోయినాను. మధుమేహానికి కారణాలు అనేకం. ఆ నేరం నా కాగితం మీద మోపడం సరికాదు. అయినా, అతనికి అలవాటు కావలసిన ఒక మంచి పనిని నాల్గవ రోజున మాన్పించినది నా ప్రణాళికయే. మిత్రబృందానికి ప్రణాళిక రాసేవాడు బలవంతుని దృష్టిలో పెట్టుకొని కాక, చివరివాని దృష్టిలో పెట్టుకొని రాయవలెను. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ప్రధానంగా ఇంతే. మిగిలినది దానికి వివరణ.

రెండు నియమాలు

మొదటి నియమం: లెక్కతో కాక కాలంతో కొలువవలెను. "20 దండీలు" అనే బదులు "40 సెకండ్లు దండీలు" అన్నచో, ఆ కాలంలో ఒకడు 25 చేయవచ్చును, మరొకడు 6 చేయవచ్చును. ఇద్దరూ ఒకే ఈలకు మొదలుపెట్టి ఒకే ఈలకు ఆపుతారు. ముందు ముగించినవాడు ఉండడు, వెనుకబడినవాడు ఉండడు. అందరూ ఏకకాలంలో వేర్వేరు మజిలీలలో ఉన్నందువల్ల ఒకరినొకరు చూచే తీరికే ఉండదు.

రెండవ నియమం: ప్రతి మజిలీకి మూడు మెట్లు ఉండవలెను. దండీలనే ఉదాహరణగా తీసుకొందాము. గోడకు చేతులు ఆనించి చేయడం తేలిక మెట్టు. బల్లకు చేతులు ఆనించి చేయడం నడిమి మెట్టు. నేల మీద చేయడం కఠినమైన మెట్టు. శరీరం నిటారుగా ఉన్నకొద్దీ చేతుల మీద పడే బరువు తగ్గుతుంది. అందుచేత ఒకే కసరత్తు ముగ్గురికి మూడు విధాలుగా సరిపోతుంది. ఏ మెట్టు ఎంచుకోవలెనో ఎవరికి వారే నిర్ణయించుకోవలెను, నాయకుడు చెప్పరాదు. మధ్యలో మెట్టు దిగడం ఓటమి కాదని మొదటి రోజే అందరికీ చెప్పవలెను. నాయకుడు తానే ఒకసారి మెట్టు దిగి చూపితే, చెప్పవలసిన పని కూడా ఉండదు.

శ్రమ తగినంత ఉన్నదో లేదో తెలుసుకొనడానికి మాటయే కొలమానం. మాట్లాడగలిగి పాడలేని స్థితి మధ్యస్థమైన శ్రమ. రెండు మూడు మాటలకే ఊపిరి అందని స్థితి తీవ్రమైన శ్రమ. కొత్తవారు మొదటి నెల మధ్యస్థాన్ని దాటకుండుట మేలు.

ఎనిమిది మజిలీలు

మజిలీలు ఎన్నుకొనేటప్పుడు శరీరాన్ని నాలుగు కుటుంబాలుగా భావించవలెను: కాళ్లు, చేతులు, రొమ్ము, వీపు, నడుము, పొట్ట, నాల్గవది ఊపిరి, అనగా గుండెను వేగంగా కొట్టించే పని. ఒక కుటుంబానికి చెందిన రెండు మజిలీలు పక్కపక్కన ఉండరాదు. కాళ్లు పనిచేసేటప్పుడు చేతులు విశ్రమిస్తాయి, చేతులు పనిచేసేటప్పుడు కాళ్లు విశ్రమిస్తాయి. గుండె మాత్రం మొదటి నుండి చివరి వరకు పనిచేస్తూనే ఉంటుంది. స్వల్పకాలంలో కండబలమూ, ఊపిరిబలమూ రెండూ లభించడానికి కారణం ఈ అమరికయే. ఎనిమిదిమంది మిత్రులకు పనికివచ్చే ఒక నమూనా ఇది:

1. బస్కీలు. తేలిక: కుర్చీలో కూర్చుని లేవడం. నడిమి: మామూలు బస్కీలు. కఠినం: నీళ్ల డబ్బాను రొమ్మున హత్తుకొని చేయడం.
2. దండీలు. పైన చెప్పిన మూడు మెట్లు.
3. తాడాట. తేలిక: తాడు లేకుండా ఉన్నచోటనే అడుగులు వేయడం. నడిమి: మెల్లగా తాడు దూకడం. కఠినం: వేగంగా దూకడం.
4. మోచేతుల మీద నిలకడ. బోర్లా ఉండి మోచేతుల మీద, కాలివేళ్ల మీద శరీరాన్ని కర్రవలె నిలపడం. తేలిక: మోకాళ్లు నేలకు ఆనించడం. కఠినం: ఒక కాలు ఎత్తి నిలపడం.
5. మెట్టు ఎక్కి దిగడం. మెట్టు ఎత్తును బట్టి, వేగాన్ని బట్టి మెట్లు మారుతాయి.
6. డబ్బా లాగడం. నడుము నిటారుగా ఉంచి ముందుకు వంగి, నీళ్ల డబ్బాను నేల నుండి పక్కటెముకల వరకు లాగడం.
7. పరుగు. పది అడుగుల దూరంలో రెండు రాళ్లు పెట్టి వాటి మధ్య తిరగడం. తేలిక: వడివడిగా నడక.
8. నడుమెత్తు. వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి నడుము పైకి ఎత్తి దించడం. కఠినం: ఒక కాలితోనే ఎత్తడం.

ఆరవ మజిలీని గురించి ఒక మాట చెప్పవలసి ఉన్నది. పరికరాలు లేకుండా చేసే కసరత్తులలో తోయడం ఎక్కువ, లాగడం తక్కువ. రోజంతా పుస్తకం మీదికి, ఫోను మీదికి వంగి కూర్చునే విద్యార్థి వీపుకు లాగే పనియే ఎక్కువ అవసరం. దీనికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. 5 లీటర్ల నీళ్లు 5 కిలోల బరువు. సగం నింపిన డబ్బా రెండున్నర కిలోలు. నీటిని ఒంపుకొంటూ ఎవరి మెట్టు వారు తయారుచేసుకోవచ్చును.

కాలనిర్ణయం

మొదట 8 నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోవలెను: నడక, భుజాలు తిప్పడం, మెల్లగా నాలుగు బస్కీలు. తరువాత ప్రతి మజిలీలో 40 సెకండ్లు పని, 20 సెకండ్లు విశ్రాంతి, అందులోనే పక్క మజిలీకి జరగడం. ఎనిమిది మజిలీలకు 8 నిమిషాలు. 2 నిమిషాలు ఆగి మంచినీళ్లు తాగి, రెండవ వలయం మరో 8 నిమిషాలు. చివర 6 నిమిషాలు మెల్లగా నడిచి, కండరాలను సాగదీయవలెను. మొత్తం 32 నిమిషాలు. చివరి నడకను మానరాదు. పరుగెత్తినవాడు హఠాత్తుగా నిలబడితే రక్తం కాళ్లలో నిలిచి, మెదడుకు చేరేది తగ్గి, కళ్లు తిరిగే ప్రమాదం ఉన్నది.

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు చేయడం మంచిది. నడుమ రోజున కండరాలు కోలుకొంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థమైన శ్రమ, కనీసం రెండు రోజులు కండబలం పెంచే వ్యాయామం అవసరం. 5 నుండి 17 ఏళ్ల వయసువారికి రోజుకు సగటున 60 నిమిషాలు. మూడు రోజుల వలయం సుమారు 96 నిమిషాలు. తక్కినది నడకతోనో, సైకిలుతోనో, ఆటతోనో పూరించుకోవలెను.

వైవిధ్యం ఎట్లా?

ఒకే వలయాన్ని నెలల తరబడి తిప్పితే విసుగు తప్పదు. శరీరం కూడా అలవాటుపడి, ఎదుగుదల మందగిస్తుంది. అట్లని ప్రతిరోజూ అంతా మార్చివేస్తే ఎవరు ఎంత ముందుకు వచ్చినారో తెలియదు. ఇక్కడ మన ఛందస్సు మనకు మార్గం చూపుతుంది. ఆటవెలదిలో బేసి పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాలకు అయిదూ సూర్యగణాలే. ఆ చట్రం మారదు. అయినా వేమన పద్యం ఏదీ మరొక పద్యం వలె ఉండదు. వలయ వ్యాయామంలో నాలుగు కుటుంబాల వరుస చట్రం వంటిది. కసరత్తులు పదాల వంటివి. చట్రాన్ని నిలిపి పదాలను మార్చవలెను. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చవలెను. ఒక నెలకు ప్రణాళిక ఇట్లా ఉండవచ్చును:

మొదటి వారం: 30 సెకండ్లు పని, 30 సెకండ్లు విశ్రాంతి. అందరూ కసరత్తులను సరిగా నేర్చుకొనే వారం ఇది.

రెండవ వారం: అవే కసరత్తులు, కాలం మాత్రం 40, 20.

మూడవ వారం: కాలం అదే, కుటుంబానికి ఒకటి చొప్పున నాలుగు కసరత్తులు మార్చవలెను. బస్కీలకు బదులు ముందుకు పెద్ద అడుగు వేసి మోకాలు వంచడం. డబ్బా లాగడానికి బదులు డబ్బాను భుజాల నుండి తలపైకి ఎత్తడం. మోచేతుల నిలకడకు బదులు పక్కవాటు నిలకడ. తాడాటకు బదులు కుడిఎడమలకు పక్క అడుగులు.

నాల్గవ వారం: కసరత్తులు అవే, రూపం మార్చవలెను. ఇద్దరిద్దరు జంటలై, ఒకరు 40 సెకండ్లు పనిచేస్తుండగా రెండవవారు విశ్రమించి, తరువాత పాత్రలు మార్చుకోవలెను. విశ్రాంతి పెరుగుతుంది గనుక ఈ వారం తేలికగా ఉంటుంది. ఒక్క వలయమే 12 నిమిషాలు పడుతుంది, అంతే చాలును. కొత్త మిత్రుని చేర్చుకొనడానికి ఇదే అనువైన వారం.

నెలకు ఒకసారి ఉమ్మడి లెక్క పెట్టుకోవచ్చును. వలయం ముగిసిన తరువాత ప్రతివాడూ తాను చేసిన బస్కీల సంఖ్యను పేరు లేని చీటీ మీద రాసి డబ్బాలో వేయవలెను. అన్నింటినీ కూడి బృందం మొత్తాన్ని మాత్రమే ప్రకటించవలెను. 6 రాసినవాని 6 కూడా అందులో ఉన్నది. అది లేకపోతే మొత్తం 6 తగ్గుతుంది. లెక్క మనిషిది కాక బృందానిదైనప్పుడు, అది ఎవరినీ బాధించదు. ఆనాడు నాకు తోచని ఉపాయం ఇది.

బృందం సంఖ్య మారినప్పుడు కంగారు పడనక్కరలేదు. ఏడుగురే వస్తే ఒక మజిలీ ఖాళీగా తిరుగుతుంది. పదహారుమంది వస్తే మజిలీకి ఇద్దరు. ఈల ఊదే పని వంతులవారీగా అందరికీ రావలెను. మోకాలి నొప్పితో వచ్చినవానికి కూడా ఆ రోజు ఆ పని ఉంటుంది గనుక అతడు ఇంటివద్ద ఉండిపోడు.

జాగ్రత్తలు

1996లో జపాను శాస్త్రజ్ఞుడు ఇజుమి తబాతా తన సహచరులతో ప్రకటించిన పరిశోధన వల్ల 20 సెకండ్లు తీవ్రమైన శ్రమ, 10 సెకండ్లు విశ్రాంతి అనే పద్ధతి ప్రసిద్ధి చెందింది. అది దృఢకాయులైన యువకులు ప్రత్యేకమైన సైకిలు యంత్రం మీద, శక్తి పూర్తిగా ఉడిగేవరకు చేసినది. నాలుగు నిమిషాలలో ముగుస్తుందని ఆశపడి, కొత్తవారితో కూడిన బృందం దానిని అనుకరించరాదు.

గుండె జబ్బు, ఉబ్బసం, ఇటీవలి గాయం ఉన్నవారు వైద్యుని అడిగి చేరవలెను. గుండెలో నొప్పి, కళ్లు తిరగడం, వాంతి భావం కలిగితే వెంటనే ఆపవలెను. మన ఎండాకాలంలో సూర్యోదయ సమయంలో గాని, పొద్దు గుంకిన తరువాత గాని తప్ప వలయం పెట్టుకోరాదు. రంజాన్ మాసంలో రోజా ఉండే మిత్రులకు పగటి వలయం వద్దు. ఇఫ్తార్ తరువాత కొంత వ్యవధి ఇచ్చి, తేలిక మెట్టుతో ఒక్క వలయం చాలును. ఇతర ఉపవాసాలు ఉండేవారికీ ఇదే వర్తిస్తుంది.

విన్నపం

కళాశాల కమిటీ పెద్దలకు ఒక చిన్న విన్నపం. దీనికి వ్యాయామశాల భవనం అవసరం లేదు. రెండు తాళ్లు, నాలుగు నీళ్ల డబ్బాలు, ఒక ఈల, ఒక గడియారం, నీడ గల కొంత స్థలం, తాగేందుకు మంచినీరు ఉంటే చాలును. వారానికి మూడు సాయంకాలాలు అరగంట చొప్పున మైదానాన్ని ఇందుకు కేటాయించి, విద్యార్థినులకు వేరుగా వేళను, చోటును ఏర్పాటు చేయగలిగితే, ఆటల జట్లలో ఎన్నడూ స్థానం దొరకని విద్యార్థులకు కూడా మైదానంలో స్థానం దొరుకుతుంది. జట్టుకు ఎన్నిక కానివారే మన కళాశాలలో అధిక సంఖ్యాకులు.

విద్యార్థి మిత్రులారా! మీలో ఎవరైనా రేపు ప్రణాళిక రాయడానికి కాగితం తీసుకొన్నప్పుడు, మీ బృందంలో అందరికంటె మెల్లగా కదిలే మిత్రుడు ఎవరో ముందుగా తలచుకొనండి. అతనికి సరిపోయే మెట్టును మొదట రాయండి; బలవంతుల మెట్టు తరువాత రాయవచ్చును. నాల్గవ రోజు ఈల ఊదే ముందు ఎవరు వచ్చినారని కాదు, ఎవరు రాలేదని చూడండి. రానివాడు ఉంటే, అతని గదికి వెళ్లి పిలుచుకొని రండి. ఆనాడు గ్రంథాలయం నాలుగు అడుగుల దూరంలోనే ఉన్నా, నేను వెళ్లి పిలువలేదు.